పిల్లలకి థైరాయిడ్ మాత్ర వేస్తే లివర్ పోతుందా? ముందు డబ్బా మీద మందు పేరు చూడండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకీ అర్థం కావడానికి అందులోని సంగతి ముందు క్లుప్తంగా చెబుతాను. మీది విజయవాడ. పాపకి పదకొండేళ్లు. బాగా తింటున్నా బరువు తగ్గడం, గుండె దడ, చేతుల వణుకు, మెడ ముందు వాపు. పరీక్షలు చేసి గ్రేవ్స్ జబ్బు, అంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేయడం అన్నారు. నియోమెర్కజోల్ అనే మాత్ర మొదలుపెట్టి ఐదు వారాలైంది. ఇంతలో అమెరికాలో ఉన్న మీ మరిది ఫోన్ చేసి, "పిల్లలకి థైరాయిడ్ మందు వేస్తే లివర్ దెబ్బతింటుంది వదినా, ఇక్కడ ప్రభుత్వమే వార్నింగ్ ఇచ్చింది" అన్నాడు. మీరు భయపడి నాలుగు రోజులుగా మాత్ర ఆపేశారు. ల్యాబ్‌కి వెళ్లి లివర్ టెస్టు చేయించారు. ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైమ్ 58, కామెర్లలో పెరిగే బిలిరుబిన్ 0.7, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమ్ 436 వచ్చాయి. రిపోర్టులో రెండు అంకెలు నల్లగా ముద్రించి ఉండేసరికి ఇంట్లో టెన్షన్ మొదలైంది. అత్తగారు పసరు మందు పోయిద్దాం అంటున్నారు.

నేను గుంటూరులో పిల్లల డాక్టర్ని. ఈ జబ్బున్న పిల్లల్ని ఎండోక్రినాలజిస్టులతో, అంటే హార్మోన్ల డాక్టర్లతో కలిసి చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మీ మరిది చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ వార్నింగ్ మీ పాప వేసుకుంటున్న మందు గురించి కాదు, దానికి దాయాది లాంటి ఇంకో మందు గురించి. ఆ తేడా తెలియక మాత్ర ఆపడం వల్ల పాపకి ఇప్పుడు జరిగే నష్టం, లివర్ గురించి మీరు పడుతున్న భయం కన్నా పెద్దది. కాబట్టి ఈ సమాధానం చివరిదాకా చదవకముందే మీ డాక్టరుగారికి ఫోన్ చేసి, మాత్ర నాలుగు రోజులుగా ఆగిందని, లివర్ రిపోర్టులో ఈ అంకెలు వచ్చాయని చెప్పండి. ఆయన తిట్టినా పర్వాలేదు. పాపకి కామెర్లు, వాంతులు లేవని మీరే రాశారు. ఆ అంకెలతో, ఆ పరిస్థితిలో నేనైతే మాత్ర మళ్లీ మొదలుపెట్టమనే అంటాను. అయితే పాపని చేత్తో పట్టి చూసింది ఆయన, కాబట్టి మాట ఆయనది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తుంటే దాన్ని తగ్గించే మాత్రలు ప్రధానంగా మూడు పేర్లతో ఉన్నాయి: కార్బిమజోల్, మెథిమజోల్, ప్రొపైల్‌థయోయురాసిల్. మూడోదాన్ని అందరం పీటీయూ అంటాం. మొదటి రెండూ నిజానికి ఒకటే. కార్బిమజోల్ కడుపులోకి వెళ్లాక మెథిమజోల్‌గా మారి పనిచేస్తుంది. నియోమెర్కజోల్ అంటే కార్బిమజోల్. అమెరికాలో కార్బిమజోల్ అమ్మరు, అక్కడ మెథిమజోల్ వాడతారు. అందుకే మీ మరిది అక్కడ వెతికితే నియోమెర్కజోల్ పేరు కనిపించి ఉండదు. కనిపించిన వార్నింగ్‌ని మొత్తం థైరాయిడ్ మందులన్నిటికీ అంటించేశాడు. అతన్ని తప్పు పట్టనక్కర్లేదు, పిల్ల మీద ప్రేమతోనే చేశాడు.

పీటీయూ పాత మందు. 1947 నుంచీ అమెరికాలో వాడకంలో ఉంది. పెద్దలకీ పిల్లలకీ దశాబ్దాలపాటు రెండు రకాలూ ఒకటేనన్నట్టు రాసేవారు. కానీ పిల్లల్లో పీటీయూ వాడినప్పుడు అప్పుడప్పుడు లివర్ పూర్తిగా దెబ్బతిని, మార్పిడి చేయాల్సిన పరిస్థితి వస్తోందని గమనించి, 2008, 2009 సంవత్సరాల్లో అక్కడి పిల్లల ఎండోక్రినాలజిస్టులు గట్టిగా గొంతెత్తారు. స్కాట్ రివ్‌కీస్ అనే డాక్టరు పేరు అందులో ముందు వినిపిస్తుంది. 2009 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. పీటీయూతో తీవ్రంగా లివర్ దెబ్బతిన్న 32 మంది వివరాలు తమ దగ్గర ఉన్నాయని, వాళ్లలో 10 మంది పిల్లలని చెప్పింది. ఆ పది మందిలో ఒకరు చనిపోయారు, ఆరుగురికి లివర్ మార్పిడి చేయాల్సి వచ్చింది. అదే సంస్థ మెథిమజోల్ లెక్క కూడా చూసింది. తీవ్రమైన కేసులు ఐదు కనిపించాయి, ఐదుగురూ పెద్దవాళ్లే. 2010 ఏప్రిల్‌లో పీటీయూ డబ్బాలోని కాగితం మీద నల్ల గీతల గడిలో పెద్ద హెచ్చరిక పెట్టించారు. మెథిమజోల్ పడని, ఆపరేషన్‌కీ, థైరాయిడ్ గ్రంథిని కరిగించే రేడియో అయోడిన్‌కీ వీలులేని సందర్భంలో తప్ప పిల్లలకి ఈ మందు వద్దని దాని సారాంశం.

పీటీయూ వేసుకునే పిల్లల్లో సుమారు 2000 నుంచి 4000 మందికి ఒకరికి లివర్ ఫెయిల్యూర్ రావచ్చని అంచనా వేశారు. వినడానికి చిన్న సంఖ్యే. కానీ అదే జబ్బుకి ఇంకో మందు అందుబాటులో ఉన్నప్పుడు ఆ ఒకరు మన పిల్ల ఎందుకు కావాలి? ఇదే వాళ్ల వాదన, నాకు నూటికి నూరుపాళ్లు నచ్చిన వాదన. అందుకే ఇవాళ పిల్లలకి మొదటి మందుగా పీటీయూ రాసే డాక్టరు మన దగ్గర కూడా దాదాపు కనిపించరు. కనిపిస్తే మాత్రం, "కార్బిమజోల్ ఎందుకు కాదండీ?" అని మర్యాదగా అడిగే హక్కు మీకుంది. కారణం ఉంటే చెబుతారు. కార్బిమజోల్‌తో ఒళ్లంతా తీవ్రంగా దద్దుర్లు వచ్చిన పిల్లకి ఆపరేషన్ తేదీ దాకా కొద్ది వారాలు పీటీయూ ఇవ్వడం, థైరాయిడ్ ఒక్కసారిగా ఉగ్రరూపం దాల్చి ఐసీయూలో చేరినప్పుడు ఇవ్వడం లాంటివి సరైన కారణాలే.

కాబట్టి పాప మందు డబ్బాని వెలుతురులోకి తెచ్చి, పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. కార్బిమజోల్ అని గానీ మెథిమజోల్ అని గానీ ఉంటే సరే. మెథిమజోల్‌ని కొన్నిచోట్ల థయామజోల్ అని కూడా రాస్తారు. ప్రొపైల్‌థయోయురాసిల్ అని ఉంటే ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. పీటీయూ మాత్ర సాధారణంగా 50 మిల్లీగ్రాములది, ఒంట్లో ఎక్కువసేపు నిలవదు కాబట్టి రోజుకి రెండు మూడుసార్లు వేయమంటారు. కార్బిమజోల్ 5, 10, 20 మిల్లీగ్రాముల్లో వస్తుంది, ఎక్కువగా రోజుకి ఒకసారో రెండుసార్లో సరిపోతుంది.

ఈ 50 అనే అంకె దగ్గర కొంచెం ఆగాలి. మన ఇళ్లలో థైరాయిడ్ మాత్ర అంటే నూటికి తొంభై ఇళ్లలో థైరాక్సిన్. పొద్దున్నే పరగడుపున నాయనమ్మో అమ్మో వేసుకునేది. అది థైరాయిడ్ తక్కువైనవాళ్లకి. దాని మీదా 25, 50, 75, 100 అని ఉంటుంది. కానీ అవి మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు. మందుల షాపుకి పిల్లాణ్ని పంపి "థైరాయిడ్ మాత్ర 50 ఇవ్వండి" అంటే ఏది వస్తుందో దేవుడికే తెలియాలి. థైరాయిడ్ ఎక్కువైన పిల్లకి థైరాక్సిన్ వేస్తే నిప్పుకి కిరోసిన్ తోడైనట్టే. ఇంట్లో ఇద్దరికి థైరాయిడ్ ఉంటే రెండు డబ్బాలు రెండు గదుల్లో పెట్టండి. ఫ్రిజ్ మీద గిన్నెలో అన్నీ కలిపి ఉంచే అలవాటు మానండి.

ఇలాంటిదే ఇంకొకటి. గర్భం వచ్చిన మొదటి మూడు నెలల్లో కార్బిమజోల్ వల్ల బిడ్డకి తల చర్మం, ముక్కు దారి, అన్నవాహిక లాంటి చోట్ల లోపాలు రావచ్చని, ఆ సమయంలో పెద్దవాళ్లకి పీటీయూ ఇస్తారు. అది సరైన పద్ధతే. కానీ పుట్టింటికి వచ్చిన పిన్ని మాత్రలు, పాప మాత్రలు ఒకే సంచిలో ఉంటే, రెండూ థైరాయిడ్ ఎక్కువకే కదా, ఒక రోజు ఇది వేద్దాం అనుకోకూడదు. పిన్నికి మంచిదైన మందు పాపకి వద్దన్న మందు.

షాపులో మార్చి ఇచ్చే విషయం కూడా చెప్పేస్తాను. కార్బిమజోల్ స్టాక్ లేదని, "ఇదీ అదేనండీ" అని మెథిమజోల్ ఇస్తే, నిజమే, పని ఒకటే. కానీ డోసు ఒకటి కాదు. 10 మిల్లీగ్రాముల కార్బిమజోల్ సుమారు 6 మిల్లీగ్రాముల మెథిమజోల్‌తో సమానం. 10కి 10 వేస్తే డోసు దాదాపు ఒకటిన్నర రెట్లకి పైగా పెరిగిపోతుంది. రెండు నెలలు అలా వేస్తే పాప థైరాయిడ్ అటు నుంచి ఇటు తిరిగి, మందకొడితనం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం మొదలవుతాయి. మార్చాల్సి వస్తే లెక్క డాక్టరుతో వేయించండి.

ఇక మీ రిపోర్టు. ఎస్‌జీపీటీ 58. చాలా ల్యాబుల్లో పైహద్దు 40 దగ్గర పెడతారు కాబట్టి మీదాన్ని నల్లగా ముద్రించారు. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు లివర్ కూడా గుండె లాగే పరుగులు తీస్తుంది. మందు ఒక్కటి కూడా మింగకముందే చాలామంది పిల్లల్లో ఎస్‌జీపీటీ కొంచెం పెరిగి ఉంటుంది, జబ్బు అదుపులోకి వచ్చేకొద్దీ తగ్గుతుంది. అందుకే మందు మొదలుపెట్టే ముందు రోజు లివర్ టెస్టు, రక్తకణాల టెస్టు చేయించి ఉంచుకోవాలి. మీ పాత కాగితాల్లో అది ఉందేమో వెతకండి. అప్పుడే 55 ఉండి ఇప్పుడు 58 అయితే మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. అప్పుడు 20 ఉండి ఇప్పుడు 58 అయితే రెండు వారాల్లో ఇంకోసారి చూస్తాం. పైహద్దుకి ఐదు రెట్లు దాటి ఉంటే అసలు ఈ మందులు మొదలుపెట్టడానికే వెనకాడతాం. 58 దానికి చాలా దూరం.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 436 చూసి మీకు నిద్ర పట్టలేదని రాశారు. ఆ ఎంజైమ్ లివర్ నుంచే కాదు, ఎముకల నుంచి కూడా వస్తుంది. పదకొండేళ్ల ఆడపిల్ల, పొడవు పెరిగే వయసు. పైగా థైరాయిడ్ ఎక్కువైతే ఎముకల్లో కూల్చడం కట్టడం రెండూ జోరుగా సాగుతాయి. కాబట్టి ఈ అంకె పెద్దవాళ్ల హద్దుతో పోల్చి చూడాల్సింది కాదు. ల్యాబువాళ్లు చాలాసార్లు పెద్దవాళ్ల హద్దే ముద్రించి పిల్లల రిపోర్టు ఇస్తారు, నాకు ఎప్పుడూ చిరాకు తెప్పించే విషయం ఇది. అనుమానం తీరాలంటే గామా జీటీ అనే చిన్న టెస్టు చాలు. అది మామూలుగా ఉంటే ఆ 436 ఎముకలదే. బిలిరుబిన్ 0.7 అంటే పూర్తిగా మామూలు. ఒకమాట గుర్తుంచుకోండి. లివర్ నిజంగా ఎంత బాగా పనిచేస్తోందో చెప్పేవి బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే టెస్టు ఐఎన్‌ఆర్, ఆల్బుమిన్. ఎస్‌జీపీటీ లివర్ కణాలకి దెబ్బ తగిలిందా లేదా చెబుతుంది, పని ఆగిందా లేదా చెప్పదు.

"నెలనెలా లివర్ టెస్టు చేయిస్తే ముందే పట్టుకోవచ్చు కదా?" అని అడిగారు. అందరూ అడిగే ప్రశ్నే. పీటీయూతో వచ్చే లివర్ దెబ్బ దగ్గర ఈ ఉపాయం పనిచేయలేదు, ఆ మందుని పిల్లలకి వద్దనడానికి అదీ ఒక కారణం. అది మెల్లగా పెరుగుతూ వచ్చే రకం కాదు. 2024లో బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో శనివారం రాత్రి మామూలుగా పడుకున్నవాళ్లు ఆదివారం లేచేసరికి ఇంట్లో నీళ్లు చూశారు కదా, అలా వస్తుంది. ఒకటో తారీఖు టెస్టు బాగుండి, ఇరవయ్యో తారీఖుకి పిల్ల ఐసీయూలో ఉండొచ్చు. మరోవైపు పీటీయూ వేసుకునేవాళ్లలో చాలామందికి ఎంజైములు కొంచెం పెరిగి, ఏమీ కాకుండానే వాటంతటవే తగ్గుతాయి. అంటే టెస్టు మంచిదని వచ్చినా భరోసా లేదు, కొంచెం తేడా వచ్చినా భయపడాలో లేదో తెలియదు. కార్బిమజోల్ వేసుకునే పిల్లకి ఏ లక్షణమూ లేకుండా నెలనెలా లివర్ టెస్టు చేయించడం వల్ల నాకు తెలిసి ఒరిగేదేమీ లేదు, పిల్లకి సూదిపోటు, మీకు ఇలాంటి నిద్రలేని రాత్రులు తప్ప. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత లక్షణం కనిపించినప్పుడు వెంటనే. మధ్యలో డాక్టరు అవసరమనుకుంటే చేయిస్తారు.

మరి కార్బిమజోల్‌తో లివర్‌కి అసలేమీ కాదా అంటే, అలా రాసివ్వలేను. ఎప్పుడైనా వస్తే అది ఎక్కువగా పెద్ద వయసువాళ్లలో, ఎక్కువ డోసులో, పైత్యరసం కిందకి దిగకుండా ఆగిపోయే రకంగా వస్తుంది. ఒళ్లంతా దురద, మూత్రం టీ డికాషన్ రంగులోకి రావడం, విరేచనం తెల్లగా పాలిపోవడం, ఆ తర్వాత కళ్లు పచ్చబడటం. మందు ఆపితే కొన్ని వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. పిల్లల్లో చాలా అరుదు.

పిల్లల్లో కార్బిమజోల్‌తో నేను నిజంగా కాచుకుని చూసేది లివర్‌ని కాదు, తెల్లరక్తకణాల్ని. సుమారు వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఈ మందు వల్ల న్యూట్రోఫిల్స్ అనే కణాలు ఒక్కసారిగా పడిపోతాయి. చాలావరకు మొదటి మూడు నెలల్లో. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ సమయంలో ఉన్నారు. లక్షణం జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు. ఆ మూడింట్లో ఏది వచ్చినా ఆ పూట మాత్ర ఆపి, అదే రోజు సీబీసీ అనే రక్తకణాల టెస్టు, అందులో తెల్లకణాల విడి లెక్కతో సహా చేయించాలి. న్యూట్రోఫిల్స్ 500 కన్నా తక్కువ ఉంటే ఆసుపత్రిలో చేరాలి, ఆ మందు మళ్లీ జీవితంలో వేయకూడదు. బాగుంటే డాక్టరు చెప్పగానే మళ్లీ మొదలు. మన దగ్గర వానాకాలంలో ఒక చిక్కు ఉంది. డెంగీలోనూ తెల్లకణాలు పడిపోతాయి, ఎస్‌జీపీటీ కూడా పెరుగుతుంది. పాపకి జ్వరం వస్తే వీధి చివర క్లినిక్‌కి వెళ్లినా సరే, మొట్టమొదట చెప్పాల్సిన మాట, "పాప కార్బిమజోల్ మీద ఉందండీ." అది చెప్పకపోతే డెంగీ ఖాతాలో వేసి మాత్ర కొనసాగించేస్తారు, లేదా మాత్ర ఖాతాలో వేసి డెంగీని వదిలేస్తారు.

దద్దుర్లు, కీళ్లనొప్పులు కూడా వస్తుంటాయి. తేలికపాటి దద్దురుకి అలర్జీ మందు ఇచ్చి కొనసాగించవచ్చు. కీళ్లు వాచిపోతే ఆపి చూపించాలి.

ఇప్పుడు లివర్ విషయంలో ఏది కనిపిస్తే పరుగెత్తాలి? కళ్లు పచ్చబడటం అందరికీ తెలుసు, కానీ అది ఆలస్యంగా వచ్చే గుర్తు. దానికి ముందు రెండు మూడు రోజులు పిల్ల అన్నం చూస్తేనే ముఖం తిప్పుకుంటుంది. థైరాయిడ్ ఎక్కువున్న పిల్ల మామూలుగా ఆవురావురుమని తింటుంది, కాబట్టి ఈ మార్పు తల్లికి ఇట్టే తెలుస్తుంది. వికారం, వాంతులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, నీరసం, మూత్రం చిక్కటి పసుపు. వీటిలో ఏవి వచ్చినా మాత్ర ఆ పూటే ఆపండి, డాక్టరు దొరికేదాకా ఆగి అడగాల్సిన పనిలేదు. ఒక రెండు రోజులు కార్బిమజోల్ ఆగినంత మాత్రాన మునిగిపోయేదేమీ లేదు. అదే రోజు బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, ఐఎన్‌ఆర్ చేయించండి. ఐఎన్‌ఆర్ అడగకపోతే మామూలు లివర్ ప్యాకేజీలో అది రాదు, కాబట్టి నోరు తెరిచి అడగండి. పిల్ల మత్తుగా ఉండటం, సంబంధం లేని మాటలు మాట్లాడటం, పగలు నిద్రపోయి రాత్రి మెలకువగా ఉండటం, చిగుళ్ల నుంచి రక్తం రావడం కనిపిస్తే ఇంక ల్యాబు కాదు, నేరుగా పిల్లల ఐసీయూ ఉన్న చోటికి. విజయవాడ, గుంటూరు పెద్దాసుపత్రులు, మంగళగిరి ఎయిమ్స్ మీకు గంట దూరంలోపే ఉన్నాయి. అక్కడ చూసి, లివర్ మార్పిడి కేంద్రానికి ఎప్పుడు పంపాలో నిర్ణయిస్తారు. పిల్లల విషయంలో తల్లో తండ్రో తమ లివర్‌లో కొంత భాగం ఇవ్వవచ్చు, ఇచ్చినవాళ్లకి అది మళ్లీ పెరుగుతుంది. మీకు ఆ అవసరం రాదని నా నమ్మకం. అడిగారు కాబట్టి చెప్పాను.

ఇంకో సంగతి. థైరాయిడ్ మందు మీద ఉన్న పిల్లకి కామెర్లు వస్తే అది మందు వల్లే అని తేల్చేయకూడదు. మన ఊళ్లలో పిల్లల కామెర్లకి అన్నిటికన్నా ఎక్కువ కారణం హెపటైటిస్ ఏ, కలుషితమైన నీళ్లూ తిండీ. బడి గేటు ముందు ఐస్‌గోలా, పానీపూరీ నీళ్లు ఎవరు తాగలేదు చెప్పండి. మందు ఆపి, హెపటైటిస్ ఏ, ఈ, బీ టెస్టులు చేయించి, రెండు కోణాల్లోనూ చూస్తాం. జ్వరానికి ఇచ్చే పారాసెటమాల్ కూడా లెక్కలోకి వస్తుంది. సరైన మోతాదులో అది మంచి మందే, కానీ పారాసెటమాల్ సిరప్, దాంతోపాటు పారాసెటమాలే కలిసిన జలుబు సిరప్ రెండూ పోస్తే మోతాదు తెలియకుండానే రెట్టింపవుతుంది.

పసరు మందు గురించి అత్తగారికి నా మాటగా చెప్పండి, కోప్పడకుండానే. హెపటైటిస్ ఏ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గేవి, అందుకే పసరు పోసినవాడికి పేరొస్తుంది. కానీ ఆ గ్లాసులో ఏ ఆకు ఎంత ఉందో పోసినవాడు చెప్పడు, కొన్ని ఆకులే లివర్‌ని పాడుచేస్తాయి. పైగా మీ పాపకి ఇప్పుడు కామెర్లే లేవు, బిలిరుబిన్ 0.7. లేని జబ్బుకి పసరు ఎందుకు? చేతి మీద వాతలు పెట్టించే ఆలోచన అయితే అసలే వద్దు. పథ్యం కూడా అక్కర్లేదు. పప్పులో పసుపు వేసినందుకు కళ్లు పచ్చబడవు, గుంటూరు కారం లివర్‌ని ఏమీ చేయదు. ఈ పిల్లకి ఇప్పుడు కావలసింది కడుపునిండా తిండి, గుడ్డు, పాలు. అయోడిన్ ఉప్పు మానొద్దు. జుట్టు ఊడుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలేమైనా వేస్తుంటే థైరాయిడ్ టెస్టుకి రెండు మూడు రోజుల ముందే ఆపండి, అది టెస్టు అంకెల్ని తారుమారు చేస్తుంది.

మాత్ర ఆపితే నష్టం ఏమిటన్నారు. కార్బిమజోల్ కొత్త హార్మోను తయారీని ఆపుతుంది. గ్రంథిలో అప్పటికే నిలవున్నది ఖర్చయ్యేదాకా, అంటే నాలుగైదు వారాలు, పెద్ద మార్పు కనిపించదు. మీరు సరిగ్గా ఆ ఐదు వారాలూ ఓపిక పట్టి, ఫలితం మొదలయ్యే సమయానికి ఆపారు. ఆగిన కొద్దీ దడ, చెమట, వణుకు, చిరాకు మళ్లీ పైకొస్తాయి. బెజవాడ ఎండల్లో ఆ పిల్ల బాధ ఊహించండి. బడిలో చేతిరాత పాడైందని, చదువు మీద దృష్టి లేదని టీచర్లు అంటున్నారని రాశారు, అది కూడా ఈ జబ్బు పనే, పాప తప్పు కాదు. మందు లేకుండా ఉండగా పెద్ద జ్వరమో ఇన్‌ఫెక్షనో వస్తే థైరాయిడ్ ఉగ్రరూపం దాల్చే ప్రమాదం కూడా ఉంది, అరుదే అయినా ప్రాణం మీదకి వచ్చేది. దడకి ప్రొప్రనలాల్ ఇచ్చి ఉంటే దాన్ని కూడా ఆపేశారేమో రాయలేదు. పాపకి ఆయాసం, ఉబ్బసం ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పండి, వాళ్లకి ఆ మాత్ర పడదు.

మళ్లీ మొదలుపెట్టాక మూడు నాలుగు వారాలకి రక్తంలోని థైరాయిడ్ హార్మోన్లు ఎఫ్‌టీ4, టీ3 చూస్తారు. థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు కింది గ్రంథి పంపే హార్మోను టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి "ఇంకా 0.01 దగ్గరే ఉంది, మందు పనిచేయడం లేదు" అనుకోవద్దు. మిగతా రెండూ మామూలుకి వచ్చాక కూడా టీఎస్‌హెచ్ కొన్ని నెలలు లేవకుండా పడుకునే ఉంటుంది.

ఎవరి పిల్లకైనా ఏ మందుతోనైనా ఇలాంటి దెబ్బ తగిలితే, దాన్ని మందుల దుష్ఫలితాల్ని నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయవచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. డాక్టరే కాదు, తల్లిదండ్రులు కూడా చెప్పవచ్చు. 2009లో ఆ 32 కేసులు బయటపడింది కూడా ఎవరో ఒకరు కూర్చుని కాగితం నింపి పంపబట్టే.

ఎన్నాళ్లు వాడాలి అనేది మీ చివరి ప్రశ్న. కనీసం రెండేళ్లు అనుకోండి. పిల్లల్లో రెండేళ్ల తర్వాత మందు ఆపినా జబ్బు తిరగబెట్టకుండా ఉండేది సుమారు నలుగురిలో ఒకరికి. మిగతావాళ్లు తక్కువ డోసులో ఇంకొన్నేళ్లు కొనసాగించవచ్చు, లేదా రేడియో అయోడిన్, ఆపరేషన్ ఆలోచించవచ్చు. ఆ రెండింటి తర్వాత రోజూ థైరాక్సిన్ వేసుకోవాలి, అది తేలికైన మాత్ర. ఇవేవీ ఇప్పుడు తేల్చుకోవాల్సినవి కావు. డాక్టరుగారు ఏమన్నారో, మందు మొదలుపెట్టకముందు చేసిన లివర్, సీబీసీ రిపోర్టులు దొరికాయో లేదో, గ్రేవ్స్ జబ్బుని గుర్తించే టీఎస్‌హెచ్ రిసెప్టార్ యాంటీబాడీ టెస్టు చేసి ఉంటే దాని అంకె ఎంతో, పాప బరువు ఎంతో రాయండి. అవి చూసి డోసు సంగతి మాట్లాడదాం.